డిస్టార్షన్ పెడల్ గారికి, బ్యాండ్ గాయకుడు రాయునది

మహారాజశ్రీ పెడల్ గారికి,

ఉభయకుశలోపరి. గిటార్ మోతను గరగరలాడించే పెట్టె తమరు. ఉండేది కాలి కిందే అయినా మా రాక్ బ్యాండ్‌లో పెత్తనమంతా తమదే కాబట్టి ‘గారు’ తప్పలేదు.

మల్కాజిగిరిలో డాబా మీది గది మీకు తెలిసిందే. గోడల నిండా కోడిగుడ్ల ట్రేలు. (అవి గదిలో ప్రతిధ్వనిని కాస్త తగ్గిస్తాయి గానీ శబ్దాన్ని బయటికి పోకుండా ఆపవు. ఆ సంగతి కింది పోర్షన్ ఓనర్ ఆంటీ రోజూ చెబుతూనే ఉంటుంది.) పాట మొదట్లో అంతా బాగానే ఉంటుంది. ఒక్కో తీగ మీటుతూ, గొంతు తగ్గించి, వదిలేసి వెళ్లిన మనిషి మీద బెంగంతా పల్లవిలో పెడతాను. చరణం రాగానే మా గిటారిస్టు మిమ్మల్ని ఒక్క తొక్కు తొక్కుతాడు. ఇక నా మాటలు గోవిందా.

మీరు చేసే పని నాకు తెలుసు. గిటార్ నుంచి వచ్చిన సిగ్నల్ అలల తలలన్నీ ఒకే ఎత్తున నరికేస్తారు. మెల్లగా మీటినా, బాదినా ఒకటే మోత. అందులో మూడు స్వరాలు ఒకేసారి మోగించే కార్డ్ (chord) వేస్తే ముద్దపప్పు అవుతుందని మావాడు గాంధారం తీసేసి షడ్జమం, పంచమం రెండే ఉంచుతాడు. దుఃఖమో సంతోషమో తేల్చేదే ఆ గాంధారం కదండీ! నెలరోజులు ఏడ్చి రాసుకున్న విరహం అక్కడితో సరి.

అయితే మీ ఉప్పు నేనూ తిన్నాను. ఎలాగూ వినపడదు కదా అని రెండో చరణం అసలు రాయనేలేదు. ఆర్నెల్లుగా ఆ చోట కళ్లు మూసుకుని, మెడనరాలు ఉబ్బించి నేను అరుస్తున్నది “కోఠీ, చాదర్‌ఘాట్, మలక్‌పేట”. జనం తలలూపేవాళ్లు. ఒకమ్మాయి కళ్లు తుడుచుకోవడం కూడా చూశాను.

మొన్న శనివారం కెఫేలో మీరు చేసిందేమిటి? ముందురోజు రాత్రంతా కేబుల్ పీకకుండా వదిలేశాం, నిజమే. బటన్ ఆఫ్‌లో ఉన్నా, కేబుల్ గుచ్చి ఉంటే మీ 9 వోల్టుల బ్యాటరీ కరిగిపోతుందనీ తెలుసు. అయినా సరిగ్గా రెండో చరణంలోనే పోవాలా? గిటార్ గురగురమని, సన్నబడి, ఆగింది. డ్రమ్మర్ కంగారుపడి కర్రలు గాల్లోనే ఆపేశాడు. ఆ నిశ్శబ్దంలో నా గొంతు ఒక్కటే మోగింది: “దిల్‌సుఖ్‌నగర్!”

వెనక టేబుల్ దగ్గర ఒకాయన చెయ్యెత్తాడు.

“ఎల్బీనగర్ పోతదా అన్నా?”

ఇట్లు,
రెండు కొత్త బ్యాటరీలు కొని జేబులో పెట్టుకున్న
మీ గాయకుడు