కొండ మీద జనం వేరు, కింద జనం వేరా?

'పది ఊళ్లు తిరిగినవాణ్ణి చెబుతున్నా' అని మొదలయ్యే ఒక వాట్సాప్ మెసేజ్ వారంగా తిరుపతిలోని మా అపార్ట్‌మెంట్ గ్రూపులో తిరుగుతోంది. రాసినాయన పొద్దున్నే తిరుపతి బస్టాండులో దిగాడట, బయట చెత్తకుప్ప చూసి ఫొటో తీశాడట, కొండెక్కితే అద్దంలా ఉందట. చివరికి తేల్చింది: తిరుపతి వాళ్లకు బుద్ధి లేదు, కార్పొరేషన్ పని చేయదు, జపాన్‌లో చెత్తకుండీలు లేకున్నా వీధులు శుభ్రం.

కొండ శుభ్రమే, కాదనను. కానీ పైన తిరిగేదీ ఈ జనమే కదా! పొద్దున కింద వాటర్ బాటిల్ విసిరేసిన మనిషి మధ్యాహ్నం పైన విసరడు. విసరడానికి చేతిలో ఉంటే కదా? కొండ కింద అలిపిరి దగ్గర తనిఖీ చేసి ప్లాస్టిక్ బాటిళ్లు ఆపేస్తారు, పైన అంగళ్లలో దొరికేది గాజు సీసా. పైగా అక్కడ ఊడ్పించేది టీటీడీ, కింద కార్పొరేషన్. కొండకు పోయే దారుల్లో మనిషిని నిలబెట్టొచ్చు, తిరుపతిలో అంగడంగడికీ ఎవరిని నిలబెడతారు?

ఇక బుద్ధి. 2011 లెక్కల్లో ఊరి జనాభా 3 లక్షలు కూడా లేదు. దర్శనానికి వచ్చేవాళ్లు మామూలు రోజుల్లోనే 60 వేలు దాటుతారు. యాత్రికులు దిగే విష్ణునివాసం వసతి గృహం ముందు పడే టీ కప్పులు, ఇడ్లీ పొట్లాల కాగితాలు అందరివీ. అమ్మింది మావాళ్లే, ఆ తప్పు మాదే.

జపాన్ మాట చాలామందికి నచ్చింది. 1995లో టోక్యో మెట్రోలో సారిన్ విషవాయువు దాడి జరిగాక భయంతో చాలాచోట్ల కుండీలు తీసేశారు. జనం చెత్త ఇంటికి మోసుకుపోతారు, మెచ్చుకోవాల్సిందే. మరి తిరుత్తణి నుంచి వచ్చి, రాత్రికే మళ్లీ బస్సెక్కే కుటుంబం తిన్న ఆకుల్ని ఏ ఇంటికి తీసుకుపోవాలి? ఇక్కడ కుండీలు ఇంకా కావాలి, తీసేయడం కాదు.

కార్పొరేషన్‌కు 2018లో కేంద్రం చేసిన నగరాల శుభ్రత సర్వే స్వచ్ఛ సర్వేక్షణ్‌లో దేశంలో 6వ ర్యాంకు వచ్చింది. ర్యాంకుల మీద నాకూ పెద్ద గురి లేదు. మా వీధిలో ఆరున్నరకు చెత్త తీసుకుపోయే ఆమె విజిల్ వినపడుతుంది. పచ్చడబ్బాలో పాలకవర్ కనపడితే ఆమె తీసి మళ్లీ నా చేతికే ఇస్తుంది: "ఏంది సార్, తడిచెత్తలో ఇదా?"

అన్నట్టు, ఆ ఫొటోను పెద్దది చేసి చూడండి. కుప్పకు ఆనించి పొరక, పక్కన తట్ట ఉన్నాయి. అది పారేసిన చెత్త కాదు, ఊడ్చి పోగేసిన కసువు. ఇంకో అరగంట ఆగి తీసుంటే ట్రాక్టర్ కూడా పడేది.