"వినబడకపోయినా పిలుస్తూ ఉండండి" అన్న సలహా ఎందుకు తప్పు

ఉపగ్రహాల ద్వారా మాట్లాడటం కొత్తగా మొదలుపెట్టే హ్యామ్‌లకు (అభిరుచిగా రేడియో వాడేవాళ్లకు) ఒక సలహా బాగా చేరుతోంది. "ఉపగ్రహం చాలా దూరం కాబట్టి పవర్ ఎంత ఉంటే అంత పెట్టండి. పాస్ (ఉపగ్రహం మన మీదుగా పోయే సమయం) ఉండేది పదిహేను నిమిషాల లోపే, వినబడకపోయినా ఆపకుండా పిలవండి, ఎవరో ఒకరు అందుకుంటారు. లీనియర్ ఉపగ్రహమైతే (ఒకేసారి చాలామంది పక్కపక్క ఫ్రీక్వెన్సీల్లో మాట్లాడగలిగేది) ఎవరి చోటు వాళ్లది, పవర్‌తో పేచీయే లేదు." ఈ సలహా మొత్తం మీద తప్పే. ఇలా చేసేవాళ్లకు కాంటాక్ట్ దొరకదు, పక్కవాళ్లకీ దొరకనివ్వరు.

ముందు దూరం సంగతి చూద్దాం. 2002లో కక్ష్యలోకి వెళ్లిన ఎస్‌ఓ-50 అనే ఎఫ్ఎం ఉపగ్రహాన్నే లెక్కకు తీసుకోండి. అది దిగంతం దగ్గర ఉన్నప్పుడు మనకు సుమారు 2,900 కిలోమీటర్ల దూరం. మనం పైకి పంపే (అప్‌లింక్) 145.850 మెగాహెర్ట్జ్ మీద ఆ దారిలో సిగ్నల్ 145 డెసిబెల్స్ తగ్గుతుంది. 5 వాట్ల హ్యాండ్‌హెల్డ్‌కి 7 డీబీఐ (యాంటెన్నా బలానికి కొలత) చిన్న యాగి (ఒక దిక్కుకు గురిపెట్టే యాంటెన్నా) తగిలిస్తే ఉపగ్రహానికి చేరేది మైనస్ 101 డీబీఎం (సిగ్నల్ బలానికి కొలత, మైనస్ అంకె పెరిగేకొద్దీ బలహీనం). మామూలు ఎఫ్ఎం రిసీవర్‌కు మైనస్ 120 చాలు. అంటే దిగంతం దగ్గర కూడా దాదాపు 20 డెసిబెల్స్ మిగులు.

ఇప్పుడు అటునుంచి ఇటు లెక్కేయండి. ఉపగ్రహం పవర్ పావు వాటు, అది కిందికి పంపే (డౌన్‌లింక్) 436.795 మెగాహెర్ట్జ్ మీద నష్టం దాదాపు 155 డెసిబెల్స్. 10 డీబీఐ యాగి పట్టుకుంటే మైనస్ 120 దగ్గర అంచున అందుతుంది. సెట్‌తో వచ్చిన రబ్బరు యాంటెన్నాతో అయితే మైనస్ 130 కూడా దాటి కిందికి పోతుంది, బుస తప్ప ఏమీ రాదు. మన గొంతు పైకి చేరడం తేలిక, దాని గొంతు మనకు చేరడమే కష్టం. వినలేకపోతున్నవాళ్లు పవర్ పెంచితే ఏం లాభం?

నష్టం మాత్రం ఖాయం. ఎఫ్ఎం రిసీవర్ బలమైన సిగ్నల్‌నే పట్టుకుని మిగతావాటిని అణిచేస్తుంది. ఉపగ్రహం కనుచూపు మేర అయిదు వేల కిలోమీటర్ల పైచిలుకు వెడల్పు. 50 వాట్లతో ఒక్కరు పీటీటీ (మాట్లాడే బటన్) నొక్కితే అంత మేరలో 5 వాట్లవాళ్లందరి మాటా ఆగిపోతుంది. పైగా నొక్కినవాళ్లకు కూడా ఉపగ్రహం వినబడదు: 145.850కి మూడో హార్మోనిక్ (మూడు రెట్ల ఫ్రీక్వెన్సీలో పుట్టే అనవసర సిగ్నల్) 437.550, డౌన్‌లింక్ ఉన్న బ్యాండులోనే పడుతుంది. పవర్ పెరిగేకొద్దీ సొంత రిసీవర్‌కే చెవుడొస్తుంది. రిసీవర్ ముందు మంచి ఫిల్టరో డైప్లెక్సరో (రెండు బ్యాండులను వేరుచేసేది) పెట్టాలి, పవర్ తగ్గించాలి.

"వినబడకపోయినా" అన్న మాటను పూర్తిగా వదిలేయాలి. డౌన్‌లింక్ వినబడనిదే పీటీటీ ముట్టుకోకూడదు. వినబడనప్పుడు చూడాల్సినవి కొన్నే. స్క్వెల్చ్ (బలహీన సిగ్నళ్లను వినబడకుండా మూసేసే అమరిక) పూర్తిగా తెరవండి. డాప్లర్ (ఉపగ్రహ వేగం వల్ల ఫ్రీక్వెన్సీ జరగడం) కోసం అయిదు మెమరీలు పెట్టుకోండి: 436.805, 436.800, 436.795, 436.790, 436.785. ఉపగ్రహం వచ్చేటప్పుడు మొదటిది, దాటిపోయేటప్పుడు చివరిది. ఐదింటికీ ట్రాన్స్‌మిట్ 145.850, టోన్ (ఉపగ్రహం మన సిగ్నల్‌ను ఒప్పుకోవడానికి మాటతో పాటు పంపే సన్నని స్వరం) 67.0 హెర్ట్జ్. సిగ్నల్ లేచి పడుతుంటే యాగిని ఉపగ్రహం వైపే ఉంచి మణికట్టును పావు చుట్టు తిప్పండి, చాలాసార్లు ధ్రువణం (తరంగం ఊగే దిక్కు) కుదిరి గొంతు ఒక్కసారిగా తేటపడుతుంది. వినడానికి రెండో సెట్టు, దానికి హెడ్‌ఫోన్ ఉంటే మాట్లాడుతూనే మన మాట తిరిగి వస్తోందో లేదో తెలుస్తుంది. హెడ్‌ఫోన్ లేకపోతే ఊళ పుడుతుంది.

74.4 టోన్ గురించి కూడా ఒక మాట. అది ఎస్‌ఓ-50లో పది నిమిషాల టైమర్‌ను ఆన్ చేయడానికి. ట్రాన్స్‌మిటర్ అప్పటికే పనిచేస్తుంటే దాని అవసరం లేదు.

"ఆపకుండా పిలవండి" అన్నదీ అంతే. ఎఫ్ఎం ఉపగ్రహానికి ఛానెల్ ఒక్కటే. ఖాళీ దొరికినప్పుడు కాల్‌సైన్ (హ్యామ్‌కు ఇచ్చిన గుర్తు పేరు), గ్రిడ్ (మనమున్న చోటి కోడ్) ఒక్కసారి చెప్పి వదలాలి. జవాబు వస్తే అవతలి కాల్‌సైన్, మన గ్రిడ్, అటునుంచి ధన్యవాదం, పది పదిహేను సెకన్లలో పని పూర్తి. సీక్యూ (ఎవరైనా జవాబివ్వండి) అంటూ వరసపెట్టి పిలిచే అరనిమిషంలో రెండు కాంటాక్ట్‌లు అయ్యేవి. ఇద్దరి మధ్య కాంటాక్ట్ సగంలో ఉండగా మూడోవాళ్లు దూరకూడదు. అరుదైన గ్రిడ్‌కు ప్రయాణం చేసి వచ్చినవాళ్లు ఆ పాస్‌లో ఉంటే, రోజూ మాట్లాడుకునేవాళ్లు ఆగాలి.

ఇక లీనియర్ ఉపగ్రహాలు. "ఎవరి చోటు వాళ్లది" నిజమే, పవర్ మాత్రం అందరిదీ. ట్రాన్స్‌పాండర్ (వచ్చిన సిగ్నళ్లను తిరిగి కిందికి పంపే పరికరం) తన కొద్దిపాటి పవర్‌ను లోపలికొచ్చిన సిగ్నళ్లన్నిటికీ పంచుతుంది. ఒకటి మరీ బలంగా వస్తే దాని ఏజీసీ (సిగ్నల్ పెంపును దానంతటదే సర్దే సర్క్యూట్) మొత్తం గెయిన్ తగ్గించి, బలహీనమైనవాటిని మాయం చేస్తుంది. 1974లో వెళ్లిన ఏఓ-7 అనే లీనియర్ ఉపగ్రహానికి బ్యాటరీ పాడై చాలా ఏళ్లయింది, ఎండ తగిలినంతసేపే పనిచేస్తుంది. ఎక్కువ పవర్ పంపితే అందరి సిగ్నళ్లూ కలిసి వణకడం చెవికే తెలుస్తుంది. భూస్థిర కక్ష్యలోని క్యూఓ-100లోనూ మన సిగ్నల్ బీకన్‌ను (ఉపగ్రహం ఎప్పుడూ పంపే గుర్తు సిగ్నల్‌ను) మించకూడదన్నదే నియమం. మించితే ఆ సిగ్నల్ మీదే హెచ్చరిక సైరన్ వినబడుతుంది.

ఆర్ఎస్-44 అనే లీనియర్ ఉపగ్రహం మీద ఇలా మొదలుపెట్టండి. 435.605 బీకన్ విని, ఎవరూ లేని చోటు చూసుకోండి. ట్రాన్స్‌పాండర్ తలకిందులుగా (అప్‌లింక్ పెరిగితే డౌన్‌లింక్ తగ్గేలా) పనిచేస్తుంది కనుక 581.605 లోంచి డౌన్‌లింక్ తీసేస్తే అప్‌లింక్ వస్తుంది: 435.640 మీద వినాలంటే 145.965 మీద ఎల్ఎస్‌బీలో పంపాలి, యూఎస్‌బీలో వినాలి (ఇవి సెట్‌లోని రెండు మోడ్‌లు). డాప్లర్ వల్ల కాస్త పక్కకు పడుతుంది. 1-2 వాట్లతో మోర్స్ చుక్కలు నాలుగైదు కొట్టి, మీ సిగ్నల్ ఎక్కడ పడిందో చూసి సరిచేసుకోండి. పవర్ నిండా పెట్టి, ఈల వేస్తూ పాస్‌బ్యాండ్ (ట్రాన్స్‌పాండర్ పనిచేసే ఫ్రీక్వెన్సీల మేర) అంతా వెతికితే దారిలో ఉన్న ప్రతి సంభాషణ మీదుగా పోతారు. దొరికాక కంప్యూటర్ లేకుండా చేత్తో ట్యూన్ చేసేవాళ్లు రెంటిలో ఎక్కువ ఫ్రీక్వెన్సీనే కదపాలి. ఆర్ఎస్-44లో అది రిసీవ్, ఏఓ-7లో 432 మెగాహెర్ట్జ్ అప్‌లింక్‌తో అయితే ట్రాన్స్‌మిట్. మాట్లాడుకునే ఇద్దరూ ఒకరి వెంట ఒకరు ఫ్రీక్వెన్సీ మారుస్తూ పోతే జంటగా జరిగి పక్కవాళ్ల మీదికి ఎక్కేస్తారు.