మిల్పిటాస్ అంటే మొక్కజొన్న చేలు

అమెరికాలో స్పానిష్ ఊరి పేర్ల అర్థాలు చెప్పిన వ్యాసం బాగుందండీ. కానీ లాస్ వేగాస్ అంటే పచ్చిక బయళ్ళు అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఎడారిలో పచ్చిక ఎక్కడిదని అనుమానం రాదా? అక్కడ ఒకప్పుడు నీటి ఊటలుండేవి, వాటి చుట్టూ గడ్డి పెరిగేది. తోడీ తోడీ 1962 నాటికి అవి ఎండిపోయాయి, పేరు మిగిలింది.

కాలిఫోర్నియాలో మనవాళ్ళు బోలెడంతమంది ఉండే ఊరు మిల్పిటాస్‌ని మాత్రం వదిలేశారు! చిన్న చిన్న మొక్కజొన్న చేలు అని అర్థం. 'మిల్పా' అసలు స్పానిష్ మాటే కాదు, మెక్సికో ఆదివాసుల నావాట్ల్ భాషది. చివర 'ఇతా' తగిలిస్తే చిన్నది అనో, ముద్దుగానో అవుతుంది. ఆనా అనే అమ్మాయిని ఆనీతా అని పిలిచేది అందుకే. (మన అనితకూ దానికీ చుట్టరికం లేదు లెండి.)

స్పానిష్ వాళ్ళ రెండేసి ఇంటిపేర్ల సంగతీ రాయాల్సింది. టెన్నిస్ నాదల్ పూర్తి పేరు రఫాయేల్ నాదల్ పరేరా. నాదల్ నాన్నవైపుది, పరేరా అమ్మవైపుది. చివరి మాటే ఇంటిపేరనుకుంటే తప్పులో కాలేసినట్టే.

ఇంగ్లీషు పోలికని నమ్మితే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. పక్కింటి మెక్సికన్ మామ్మగారు పళ్ళెం నిండా తమాలేలు (మొక్కజొన్న పిండితో ఆవిరిమీద వండే వంటకం) తెచ్చిస్తే, మొహమాటంగా ఉందని చెప్పబోయి, ఇంగ్లీషు 'ఎంబరాస్డ్' లాగే ఉంది కదా అని స్పానిష్‌లో 'ఎంబరసాదా' అన్నాను. ఆవిడ ముఖం వెలిగిపోయింది. ఆ మాటకి గర్భవతి అని అర్థమట. ఎన్నో నెలని అడిగి, ఇంకో పళ్ళెం తెచ్చారు.