చెడిపోని కారుతో వేగేదెలా?

జపాన్ కార్లలో ఒక తీవ్రమైన లోపం ఉంది. అవి చెడిపోవు. ఇంత పెద్ద సమస్య మీద ఇన్నేళ్లుగా ఎవరూ గట్టిగా నోరు విప్పకపోవడం నాకు ఆశ్చర్యంగానే ఉంది. ఇటలీ స్పోర్ట్స్ కారు కొన్నవాడికి చేతినిండా పని ఆ కారే కల్పిస్తుంది. పాత బ్రిటిష్ కారైతే నిలిపిన చోటల్లా నేల మీద నూనె చుక్కతో సంతకం పెట్టి మరీ యజమానిని పిలుస్తుంది. జపాన్ కారు యజమాని ఆదివారం పొద్దున చొక్కా చేతులు మడిచి, పానాల పెట్టె పక్కన పెట్టుకుని, ఎంతో ఆశతో బానెట్ ఎత్తుతాడు. లోపల అన్నీ సక్రమంగా ఉంటాయి. మగాడికి ఇంతకంటే అవమానం ఉంటుందా?

ఈ అన్యాయాన్ని ఎదుర్కోవడానికి మనిషి కనిపెట్టిన మార్గం పేరు అప్‌గ్రేడ్.

నా దగ్గర ఉన్నది మొదటి తరం మాజ్డా ఎంఎక్స్-5. 1989 ఫిబ్రవరిలో షికాగో మోటార్ ప్రదర్శనలో లోకానికి చూపించిన మోడల్. రెండే సీట్లు, వెనక్కి మడిచే గుడ్డ టాపు, మీట నొక్కితే నిద్రలేచిన కప్పలా కళ్లు పైకెత్తే హెడ్‌లైట్లు, 1.6 లీటర్ల ఇంజిన్, టన్నుకు లోపు బరువు. దీన్ని తయారుచేసినవాళ్లు తమ ఆశయానికి ‘జింబా ఇత్తాయ్’ అని పేరు పెట్టుకున్నారు. రౌతూ గుర్రమూ ఒకే ప్రాణమై పరిగెత్తడమని దాని అర్థం. అందుకోసం గేరు రాడ్డు ఎంత దూరం కదలాలి, సైలెన్సర్ ఏ గొంతుతో పలకాలి అనే దాకా ఆలోచించారు. యాక్సిలరేటర్ తొక్కగానే కారు తటపటాయించకుండా దూకాలని గేరుబాక్సునూ, వెనక చక్రాలకు శక్తిని పంచే డిఫరెన్షియల్‌నూ కలుపుతూ ఒక పొడవాటి అల్యూమినియం దూలం బిగించారు. నాలుగు చక్రాలకూ, ఒక్కోదాన్ని పైనొకటీ కిందొకటీ రెండు చేతులతో పట్టుకునే డబుల్ విష్‌బోన్ సస్పెన్షన్ ఇచ్చారు. వాల్వులనూ పిస్టన్లనూ లయ తప్పకుండా కదిలించే టైమింగ్ బెల్టును 96,000 కిలోమీటర్లకు ఒకసారి మార్చుకోమన్నారు. మార్చకపోతే? తెగిపోతుంది. అయినా ఈ ఇంజిన్‌లో, కొన్నిటిలోలా, వాల్వులు పిస్టన్లకు తగిలి విరగవు. కారు ఆగిపోతుంది, అంతే. అంటే నా బద్ధకాన్ని కూడా వాళ్లు ముందే లెక్కలో వేసుకున్నారన్నమాట. ఇలాంటివాళ్లను ఎలా సహించాలి?

అయితే హిరోషిమాలోని మాజ్డా కంపెనీలో అంతమంది ఇంజనీర్లు తలలు పగలగొట్టుకుని కూడా ఒక్క పని మరిచిపోయారు. నన్ను అడగలేదు. ఆ పొరపాటు దిద్దే భారం 11 ఏళ్లుగా నేనే మోస్తున్నాను.

అంతా ఒక శబ్దంతో మొదలైంది. చలి పొద్దున ఇంజిన్ స్టార్ట్ చేస్తే పైభాగంలో ఎక్కడో టిక్ టిక్ మనేది, కాసేపటికి ఆగిపోయేది. ఇది ఈ ఇంజిన్‌కు పుట్టుకతో వచ్చిన అలవాటు. వాల్వులను కదిలించే హైడ్రాలిక్ లిఫ్టర్లలోకి ఆయిల్ పూర్తిగా ఎక్కేదాకా అవి అలా గొణుగుతాయి. సకాలంలో ఆయిలూ ఫిల్టరూ మారిస్తే చాలావరకు సర్దుకుంటుంది. గంట పని. కానీ గంటలో తేలిపోయే పని మీద మనిషి తన వ్యక్తిత్వాన్ని ఎలా నిర్మించుకుంటాడు? నేను లోతుగా ఆలోచించి స్ప్రింగులు మార్చాలని నిర్ణయించాను.

“శబ్దం ఇంజిన్‌లో కదండీ, స్ప్రింగులెందుకు?” అని మా ఆవిడ అడిగింది. ఆమెదీ జపాన్ కారే. మామూలు చిన్న కారు. దాని బానెట్ ఎలా తెరుచుకుంటుందో ఆమెకు తెలియదు, తెలుసుకోవలసిన అగత్యం ఎన్నడూ కలగలేదు. అలాంటివారికి ఏం చెప్పి ఒప్పిస్తాం?

ముందు పరికరాల సంగతి చెప్పాలి. చాలామంది పరువు పోయేది ఇక్కడే. పాత జపాన్ బండ్ల మీద ఉండే ప్లస్ గుర్తు స్క్రూ చూపులకు అచ్చం ఫిలిప్స్ స్క్రూలా ఉంటుంది, కానీ కాదు. అది జేఐఎస్ అనే జపాన్ ప్రమాణం ప్రకారం చేసినది. గాడి ఆకారంలో వెంట్రుకవాసి తేడా. ఫిలిప్స్ స్క్రూడ్రైవర్ అందులో అడుగుదాకా కూర్చోదు. బలం పెట్టిన కొద్దీ పైకి జారుతుంది, జారిన ప్రతిసారీ గాడిని కొంత నమిలేస్తుంది. గుర్తుపట్టడానికి వీలుగా చాలా జేఐఎస్ స్క్రూల తల మీద ఒక చిన్న చుక్క కూడా ఉంటుంది. నేను ఆ చుక్కను మురికి అనుకుని గీకి చూశాను. తర్వాత వరసగా మూడు స్క్రూల తలలు నున్నగా చేసి, జపాన్ ఇనుము నాసిరకమని తీర్మానించాను. అన్నేళ్లు చెక్కుచెదరని ఇనుము సరిగ్గా నా చేతిలోకి వచ్చాకే నాసిరకం కావడం గురించి నాకు అప్పట్లో ఏ అనుమానమూ రాలేదు.

ఇక స్ప్రింగులు. వాటిని తీయాలంటే సస్పెన్షన్ చేతుల బోల్టులు ఊడదీయాలి. చక్రాల కోణాలు సరిచేయడానికి ఉద్దేశించిన ఆ పొడవాటి బోల్టులు, చేతుల కీళ్లలో ఉండే రబ్బరు బుష్‌ల లోపలి ఇనుప గొట్టాలతో తుప్పు సాక్షిగా ఎప్పుడో ఒకటై ఉంటాయి. విడాకులకు ఒప్పుకోవు. మొదటి ఆదివారం తుప్పు వదిలించే నూనె పోశాను. రెండో ఆదివారం వేడి చేశాను, సుత్తితో నచ్చజెప్పాను. మూడో ఆదివారం బోల్టు ఎట్టకేలకు బయటికి వచ్చింది, రెండు విడతలుగా. రంపానిదే విజయం.

నెల తిరిగేసరికి కారు రెండంగుళాలు కిందికి దిగింది. చూడటానికి పులి పొంచి కూర్చున్నట్టుంది. ఎక్కితే మాత్రం మరో సంగతి. ఈ కారు సస్పెన్షన్ పైకీ కిందికీ ఆడటానికి ఉన్న జాగాయే కొద్ది. అందులో రెండంగుళాలు నేనే మింగేస్తే మిగిలేది బంప్ స్టాప్ అనే మెత్త దిమ్మ. అంటే ఇంత శ్రమపడి కొత్త స్ప్రింగులు తెచ్చి, తీరా కారును దిమ్మల మీద కూర్చోబెట్టానన్నమాట. రోడ్డు మీద చీమను తొక్కితే అది ఏ జాతి చీమో వెన్నెముక చెప్పేది. మేము దీన్ని ‘రోడ్డు అనుభూతి’ అంటాం. డాక్టర్లు వేరే పేరుతో పిలుస్తారు.

బ్రేకు ఆయిల్ మార్చడం గురించి కూడా రెండు మాటలు. ఇది నిజంగా అవసరమైన పని, కాబట్టే దీనికి గౌరవం లేదు. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ చేరిన కొద్దీ తక్కువ వేడికే మరుగుతుంది. మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి, తొక్కిన పెడల్ నేలకు అంటుకుంటుంది. అందుకే రెండేళ్లకోసారి మార్చాలి. దీనికి ఇద్దరు మనుషులు కావాలి: ఒకరు చక్రం దగ్గర పాత ఆయిల్ బయటికి పోయే చిన్న నిపుల్ తెరిచి మూయడానికి, మరొకరు లోపల కూర్చుని పెడల్ తొక్కడానికి. దాంపత్యంలో ఇంతటి పరీక్ష ఇంకొకటి లేదు.

“తొక్కు.”

“తొక్కాను.”

“అలాగే పట్టుకో. వదలకు. ఆఁ... వదులు.”

నిపుల్ బిగించకముందే వదలమన్నాను. చేసిన తప్పుకు ఫలితం వెంటనే వచ్చింది: చప్పున గాలి లోపలికి పోయింది.

“ఎందుకు వదిలావు?”

“మీరే వదలమన్నారు కదండీ. మీరు కారును వదిలేయమంటే అదీ ఎప్పుడో వదిలేసేదాన్ని.”

నాలుగు చక్రాలూ మళ్లీ మొదటినుంచి. అప్పటికే సాయంత్రమైంది. ఆ తర్వాత మేము కొన్ని రోజులు క్లుప్తంగా మాట్లాడుకున్నాం. చాలావరకు ‘తొక్కు’, ‘వదులు’ స్థాయిలోనే.

ఈ సేవలో నేను ఒంటరివాణ్ని కాదు. నాకొక మిత్రుడున్నాడు. ఆయనది నిస్సాన్ ఆర్32 స్కైలైన్ జీటీ-ఆర్. దాని పుట్టుపూర్వోత్తరాలు తెలిస్తే ఆయన మీద గౌరవం పెరుగుతుంది. జపాన్ కంపెనీలు 1989 నుంచి 2004 దాకా తమ కార్ల శక్తి 280 హార్స్‌పవర్ దాటదని ప్రకటించుకునే పెద్దమనుషుల ఒప్పందం ఒకటి పాటించాయి. కొన్ని కార్లకు నిజానికి అంతకంటే ఎక్కువే ఉండేది, కాగితం మీద మాత్రం 280. గొప్పలు తగ్గించి చెప్పుకునే పరిశ్రమను చరిత్రలో మరెక్కడా చూడం. ఈ కారు ఇంజిన్‌కు గాలిని ఒత్తిడితో లోపలికి నెట్టే టర్బోలు రెండు. అవి చురుగ్గా తిరగాలని, పొగ తగిలే వైపు వాటి లోపలి చిన్న చక్రాలను తేలికైన సెరామిక్‌తో చేశారు. ఫ్యాక్టరీ నిర్ణయించిన ఒత్తిడిలో అవి హాయిగా బతుకుతాయి. ఒత్తిడి ఒక బార్ దాటిస్తే ఆ వేడికీ వేగానికీ చక్రం ఇరుసు నుంచి ఊడిపోయే ప్రమాదం ఉంది. అలా జరగకూడదనే ఒత్తిడిని అదుపుచేసే రబ్బరు గొట్టంలో ఒక చిన్న అడ్డు పెట్టారు. దాన్ని లాగేయడం పది నిమిషాల పని, పైసా ఖర్చు లేదు. ఆ తర్వాత వచ్చి పడే పని పది నిమిషాలదీ కాదు, ఖర్చులేనిదీ కాదు. చక్రం ఊడిన ఇరుసును మా మిత్రుడు బల్ల మీద కాగితాలు ఎగరకుండా పెట్టుకున్నాడు. ఆ కారు మొత్తంలో ప్రస్తుతం పనిచేస్తున్న భాగం అదొక్కటే.

ఇంకొకాయనది మాజ్డావాళ్లదే ఆర్ఎక్స్-7. పిస్టన్లకు బదులు గుండ్రంగా తిరిగే రోటార్లుండే రోటరీ ఇంజిన్. లోపలి సీళ్లు అరిగిపోకుండా ఈ ఇంజిన్ కొద్దికొద్దిగా ఆయిల్‌ను తానే తాగి కాల్చేస్తుంది. రోగం కాదు, దాన్ని రూపొందించిందే అలా. అందుకోసం ప్రత్యేకంగా ఒక పంపు ఉంటుంది. ఆయన ఆ పంపును నమ్మలేక పీకేశారు. అప్పటినుంచి పెట్రోలు పోయించుకున్న ప్రతిసారీ స్వహస్తాలతో కొలిచి ఆయిల్ కలుపుతున్నారు. యంత్రం చేసే పనికి మనిషిని పెట్టి దాన్ని అప్‌గ్రేడ్ అనాలంటే భాష మీద ఎంత పట్టుండాలి!

నా కారుకు తిరిగి వద్దాం. దానికి నిజమైన శత్రువు ఒకడున్నాడు. సీట్ల వెనక, గుడ్డ టాపు అంచున చేరిన వాన నీళ్లు కిందికి పోవడానికి రెండు సన్నటి దారులుంటాయి. ఆకులూ దుమ్మూ చేరితే అవి పూడుకుపోతాయి. నీళ్లు తలుపుల కింద ఉండే బోలు దూలాల్లో నిలిచి లోపలినుంచి తినడం మొదలుపెడతాయి. నివారణ ఏమిటంటే ఏడాదికి రెండుసార్లు వంగే పుల్లతో మెల్లగా పొడిచి, చెంబెడు నీళ్లు పోసి కింద కారుతున్నాయో లేదో చూడటం. ఇందులో స్టిక్కరు లేదు, రంగుల పెట్టె లేదు, ఎవరికైనా చూపించుకోవడానికి ఏమీ లేదు. చెంబు పట్టుకుని ఫొటో దిగితే ఎవరైనా ఏమనుకుంటారు? కాబట్టి ఏడేళ్లు నేను ఆ జోలికి పోలేదు. ఆ ఏడేళ్లలోనే కారు బరువు తగ్గించాలని సీటు కింద పట్టాలు మార్చాను, స్టెప్నీ తీసేశాను, రేడియో ఊడబీకాను. ఒకనాడు చక్రం మార్చడానికి తలుపు కింద జాకీ పెట్టి తిప్పాను. జాకీ లేచింది. కారు లేవలేదు. బరువు తగ్గించే పనిలో తుప్పు నాకంటే ఎంతో ముందుందని అప్పుడు తెలిసింది.

(వ్యంగ్యం ఒక్క క్షణం పక్కన పెడతాను. జాకీ ఒక్కదాని మీద నిలిచిన కారు కిందికి ఎప్పుడూ దూరకండి. గట్టి చోటు చూసి స్టాండ్లు వేయండి, ఊపి చూసి, అప్పుడు దూరండి. ఇక మళ్లీ మన ధోరణిలోకి వద్దాం.)

సరే, దూలాలు కోసి కొత్త రేకు అతికించే పని చేయి తిరిగినవాళ్లకు అప్పగించాను. అది నాకు ఎంత చిన్నతనమో చెప్పలేను. ఇంతలో పిడుగులాంటి వార్త ఒకటి తెలిసింది. సరిగ్గా నా మోడల్ పాత కార్లను జపాన్‌లో తామే బాగుచేసి ఇస్తామని మాజ్డా 2017లో ప్రకటించింది. ఆగిపోయిన విడిభాగాలు తిరిగి తయారుచేయించింది. గుడ్డ టాపు, చెక్క స్టీరింగ్, గేరు రాడ్డు మీది చెక్క పిడి, చివరికి అప్పటి కొలతకే, 185/60 ఆర్14లో, పాత వాలకంతోనే టైర్లు కూడా. అంటే మేము పదేళ్లుగా పీకి పారేసినవన్నీ ఇప్పుడు నిధులన్నమాట. ఎవరూ చేయి పెట్టని కారుకే ఇప్పుడు గిరాకీ. నాలాంటి నిపుణులు మెరుగుపరచిన కారును చూడటానికి వచ్చినవారు బానెట్ కింద ఒకసారి తొంగి చూసి, పాపం అన్నట్టు తల పంకించి వెళ్లిపోతున్నారు.

వెంటనే కొత్త అప్‌గ్రేడ్ మొదలుపెట్టాను. దాని పేరు ఒరిజినల్.

ముందు స్ప్రింగులు కావాలి. నావి ఎక్కడ పారేశానో గుర్తు లేదు. ఎంతో వెతికాక ఒక కుర్రవాడి దగ్గర చెక్కుచెదరని ఫ్యాక్టరీ స్ప్రింగులు దొరికాయి. కొత్తగా ఇదే కారు కొన్నాడట, అంతకుముందు వారమే వాటిని ఊడదీశాడట.

“ఎందుకు తీశావు, బాబూ?”

“కారు మరీ ఎత్తుగా ఉందంకుల్. రెండంగుళాలు దించుదామని.”

కుర్రవాడి కళ్లలో నేను నన్ను చూసుకున్నాను. హెచ్చరించడం నా ధర్మం. కానీ నా దగ్గర రెండంగుళాలు దించే స్ప్రింగులు ఒక జత సిద్ధంగా ఉన్నాయి, వాటికి ఒక మంచి ఇల్లు చూడాలి కదా. మార్చుకున్నాం. నా స్ప్రింగులు అతనికి, అతని స్ప్రింగులు నాకు. ఇద్దరమూ ఒకే మధ్యాహ్నం అప్‌గ్రేడ్ అయ్యాం.

మొన్నటికి అన్నీ బిగించడం పూర్తయింది. కారు రెండంగుళాలు లేచి, ఫ్యాక్టరీ గేటు దాటిన నాటి ఎత్తులో నిలబడింది. పొద్దున బాగా చలిగా ఉంది. తాళం తిప్పగానే ఇంజిన్ అందుకుంది. పైభాగంలో ఎక్కడో టిక్ టిక్ మంది. మా ఆవిడను పిలిచాను.

“విన్నావా?”

“ఇది 11 ఏళ్ల కిందటి శబ్దమే కదండీ?”

“ఒరిజినల్,” అన్నాను, గొంతు కాస్త బొంగురుపోయింది.

ఆమె నావైపు ఒకసారి, కారువైపు ఒకసారి చూసి, తన కారు తాళాలు తీసుకుని పనికి బయలుదేరింది. మలుపు తిరిగేదాకా ఆ కారునే చూస్తూ నిలబడ్డాను. ఇన్నేళ్లలో దాన్ని ఇంత పరీక్షగా ఎప్పుడూ చూడలేదు. ముందు చక్రం దగ్గర మరీ ఎత్తుగా ఉన్నట్టు లేదూ?