గుర్రం ముసలిదైంది, దాణా తగ్గలేదు

కార్ల మీద కాస్త మోజున్న ప్రతివాడి ఫోన్‌కీ ఎప్పుడో ఒకప్పుడు చేరే సందేశం ఒకటుంది. "కొత్త చిన్న కారు డబ్బుకే పన్నెండేళ్ళ నాటి పెద్ద జర్మన్ సెడాన్ వస్తుంది. ఆ ఇనుము ఇప్పుడు రాదు. తక్కువ తిరిగిన బండి చూసుకుంటే కొత్తదాంతో సమానం. గేర్‌బాక్స్ ఆయిల్ జీవితాంతం మార్చక్కర్లేదు. విడిభాగాలు పాత సామాన్లలో దొరుకుతాయి, ఏ మెకానిక్కైనా బిగించేస్తాడు. పడాల్సిన ధర పడిపోయింది కాబట్టి రేపు అమ్మినా నష్టం లేదు." కింద తోలు సీట్ల ఫోటో. మా చుట్టాల్లోనే ముగ్గురు నాకు పంపారు, "నీ దగ్గరుందిగా, నిజమేనా?" అంటూ.

ఉంది. తొమ్మిదేళ్ళుగా ఉంది. ఇప్పటికీ ఇష్టంగానే నడుపుతున్నాను. అందుకే ఆ సందేశంలో ఒక్కో మాటా పట్టుకుని జవాబు చెప్పాలనిపించింది.

ధర దగ్గర మొదలుపెడదాం. తగ్గింది బండి ధర ఒక్కటే. బ్రేకు డిస్కు ధర తగ్గలేదు, షాక్ అబ్జార్బర్ ధర తగ్గలేదు, హెడ్‌లైట్ ధర అసలే తగ్గలేదు. కొత్తలో ఏడెనిమిది చిన్న కార్ల ఖరీదు చేసిన బండి అది. బరువెక్కువ కాబట్టి డిస్కు పెద్దది, టైరు వెడల్పు, ఇంజిన్‌లో పట్టే ఆయిల్ కూడా చిన్న కారుకు పట్టేదానికి రెట్టింపు. బండి నాలుగో చేతికి మారిందన్న సంగతి ఆ భాగాలు తయారుచేసేవాడికి తెలీదు, తెలిసినా పట్టదు. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదు మరి. అందుకే ఎవరడిగినా నేను ముందు అడిగేది ఒక్కటే: కొన్న ధరలో మూడో వంతు, బండి ఇంటికొచ్చిన రోజే విడిగా పక్కన పెట్టగలవా? లేదంటే ఆ చిన్న కారే హాయి.

"ఆ ఇనుము ఇప్పుడు రాదు." ఇనుముతో నాకు పేచీ లేదు. తలుపు మూస్తే వచ్చే ఆ బరువైన చప్పుడు నాకూ ఇష్టమే. కానీ ఈ వయసులో బండిని కిందికి లాగేవి రబ్బరు, ప్లాస్టిక్, వైర్లు. 1990ల తొలి సగంలో తయారైన చాలా మెర్సిడెస్ బండ్లలో ఇంజిన్ వైరింగ్ పైతొడుగు వేడికి పెళుసెక్కి పొడిపొడిగా రాలిపోయేది. కోటలా కట్టారని చెప్పుకునే 1991 నాటి ఎస్-క్లాస్ కూడా దాన్నుంచి తప్పించుకోలేదు. పోనీ లోహమైనా గట్టిదేనా అంటే, 2000ల మధ్యలో వచ్చిన మెర్సిడెస్ ఎం272 వీ6 తొలి ఇంజిన్లలో, వణుకు తగ్గించే బ్యాలెన్స్ షాఫ్ట్ మీది పళ్ళచక్రం అరిగిపోయేది. చక్రం అరచేతిలో ఇమిడేంత. దాన్ని మార్చాలంటే ఇంజిన్ మొత్తం దించాలి.

ఇక ఎయిర్ సస్పెన్షన్. 1998లో వచ్చిన ఎస్-క్లాస్ దగ్గర్నుంచి పెద్ద సెడాన్లలో చాలావాటికి ఇదే. ఉక్కు స్ప్రింగుల చోట గాలి నిండిన రబ్బరు తిత్తులు, వాటికి గాలి కొట్టే చిన్న కంప్రెసర్. కొత్తలో దాని మీద ప్రయాణం మహా సుఖం. ఏళ్ళు గడిచేకొద్దీ తిత్తి మడతపడే చోట రబ్బరు బీటలిస్తుంది. నా బండి ఓ పొద్దున ముందు ఎడమ మూలకు వాలి, మోకాలు మడిచిన ఎద్దులా కూర్చుని ఉంది. స్టార్ట్ చేస్తే కంప్రెసర్ గుర్రుమంటూ కాసేపటికి లేపింది. లేస్తోంది కదా అని నాలుగు నెలలు అలాగే నెట్టుకొచ్చాను. కంప్రెసర్ ఉండుండి కాసేపు తిరిగేలా చేసిన వస్తువు. గాలి పోతూనే ఉంటే అదీ తిరుగుతూనే ఉంటుంది. కాలిపోయింది. మొదటి మెకానిక్ కంప్రెసర్ మార్చి, తిత్తి జోలికి పోలేదు. కొత్తదీ అదే దారి పట్టబోతుంటే ఇంకో పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన బండి కంప్యూటర్‌ను చదివే స్కానర్ తియ్యలేదు. స్ప్రే సీసాలో సబ్బు నీళ్ళు కలిపి, చక్రం పూర్తిగా పక్కకు తిప్పించి, తిత్తి మడత మీద కొట్టి, "చూడు బాబూ" అన్నాడు. ఆవాలంత బుడగలు వరసగా, ఒకదాని వెనక ఒకటి. నాలుగు నెలలుగా నా డబ్బు పోతున్న కన్నాలు అవి.

తక్కువ తిరిగిన బండి కొత్తదాంతో సమానమన్న మాట మీద జనానికి నమ్మకం మరీ ఎక్కువ. మీటరు వెనక్కి తిప్పడం ఎంత మామూలో ప్రస్తుతానికి వదిలేద్దాం, మీటరు నిజమే చెబుతోందనుకుందాం. రబ్బరుకు కిలోమీటర్లతో పాటు ఏళ్ళూ లెక్కే. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీలుస్తుంది, అందుకే ఎంత తక్కువ తిరిగినా చాలా కంపెనీలు దాన్ని రెండేళ్ళకోసారి మార్చమంటాయి. టైమింగ్ బెల్టున్న బండికి గడువు కిలోమీటర్లలోనూ ఉంటుంది, ఏళ్ళలోనూ ఉంటుంది. ఏది ముందొస్తే అదే. టైరు పక్కన చిన్న గుళికలాంటి గడిలో నాలుగంకెలుంటాయి. 2314 అని ఉంటే 2014లో 23వ వారం తయారైందని అర్థం. "ఎప్పుడో పండక్కే బయటికి తీస్తాం సార్" అని అమ్మే బండికి టైర్ల మీద గాట్లు నిండుగా ఉన్నా, ముందు ఆ అంకెలు చదవండి. కదలని బండిలో ఆయిల్ సీళ్ళు ఎండుతాయి, సన్‌రూఫ్ నీరు దిగే గొట్టాలు చెత్తతో పూడుకుంటాయి, ఆ నీళ్ళు కార్పెట్ కిందకి చేరతాయి. కొన్ని బండ్లలో కంప్యూటర్ పెట్టెలు ఉండేది సరిగ్గా అక్కడే. తలుపు తీయగానే ముక్కవాసన కొట్టిందంటే ఆ బేరం నేను అక్కడే వదిలేస్తాను.

గేర్‌బాక్స్ ఆయిల్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ ఒక్క మాట పూర్తిగా గాల్లోంచి పుట్టింది కాదు. 2001లో బీఎండబ్ల్యూ 7 సిరీస్‌తో జెడ్‌ఎఫ్ కంపెనీ ఆరు గేర్ల ఆటోమేటిక్ వచ్చింది. కార్ల కంపెనీ దాని ఆయిల్‌ను "జీవితకాలపు ఆయిల్" అంది. గేర్‌బాక్స్ తయారుచేసిన జెడ్‌ఎఫ్ మాత్రం 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య, లేదా ఎనిమిదేళ్ళకు మార్చమంటుంది. కొత్త బండి కొన్నవాడికి సర్వీసు ఖర్చు తక్కువని చూపించుకోవడం కార్ల కంపెనీకి లాభం. ఆ మొదటి యజమాని అమ్మేసి వెళ్ళాక గేర్‌బాక్స్ ఏమైతే వాళ్ళకెందుకు? "జీవితకాలం" అన్నప్పుడు ఎవరి జీవితమో ఎవరూ అడగలేదు, అంతే.

ఆ మార్చడం కూడా ఇంజిన్ ఆయిల్ మార్చినంత తేలిక కాదు. అడుగు ట్రే ప్లాస్టిక్‌ది, ఫిల్టర్ అందులోనే కలిసి ఉంటుంది, కాబట్టి ట్రేతో సహా మార్చాలి. ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్ ఉండదు. బండిని సమంగా లేపి, ఇంజిన్ నడుస్తుండగా, ఆయిల్ వేడి నిర్ణీత డిగ్రీలకు చేరినప్పుడు పక్క కన్నంలోంచి పొర్లేదాకా పోయాలి. చల్లగా ఉన్నప్పుడు పోసి మూసేస్తే లెక్క తప్పుతుంది. ఇంకో లీటరు పోసినా మంచిదే అనుకునే చేతులకు ఇది అప్పగించకూడదు.

దాంతో "ఏ మెకానిక్కైనా" అన్న మాట కూడా వచ్చేసింది. 2002లో వచ్చిన మెర్సిడెస్ ఈ-క్లాస్‌లో బ్రేకులకు కరెంటు పంపుతో ఒత్తిడి నింపే పద్ధతి పెట్టారు (2006లో తీసేశారు). ఆ బండి తలుపు లాక్ తీస్తే చాలు, వ్యవస్థ నిద్ర లేచి బ్రేకుల్లో ఒత్తిడి నింపుతుంది. దాన్ని స్కానర్‌తో పడుకోబెట్టకుండా ప్యాడ్లు మార్చబోతే మెకానిక్ వేళ్ళు నలిగిపోతాయి. పనిమంతుడు కాడని కాదు పాపం, బండి అలాంటిది. బ్యాటరీ కూడా అంతే. చాలా బీఎండబ్ల్యూల్లో కొత్త బ్యాటరీ పెట్టినట్టు కంప్యూటర్‌కు చెప్పకపోతే పాతదానికి పెట్టినట్టే ఛార్జింగ్ పెడుతూ ఉంటుంది. రెండు రోజులు ఆపితే బ్యాటరీ దిగిపోయే జబ్బు నా బండికీ వచ్చింది. పట్టుకున్నవాడు కొత్త బ్యాటరీ అమ్మలేదు. తలుపు తెరిచే ఉంచి, గొళ్ళేన్ని స్క్రూడ్రైవర్‌తో మూసుకున్నట్టు తిప్పి, బండి పూర్తిగా నిద్రపోయేదాకా అరగంట ఊరికే కూర్చున్నాడు. తర్వాత ఫ్యూజులు పీకకుండానే, ఒక్కోదాని నెత్తి మీద కరెంటు కొలిచే మీటరు ముళ్ళు ఆనించి చూసుకుంటూ పోయాడు. దొంగ డిక్కీ లైటు స్విచ్. ఆ అరగంట ఓపిక ఉన్నవాడు దొరికాకే ఈ బండి కొనాలి.

విడిభాగాల మాట సగం నిజం. అద్దాలు, సీట్లు, తలుపు లోపలి చెక్కలు, బంపర్లు పాత బండి నుంచి తెచ్చుకోండి, తప్పులేదు, నేనూ తెచ్చాను. ఎయిర్ తిత్తి, కీళ్ళ దగ్గరి రబ్బరు బుష్, నీళ్ళ గొట్టం తేవద్దు, అవీ మీ బండంత ముసలివే. కంప్యూటర్ పెట్టెలు చాలామటుకు పుట్టిన బండికే ముడిపడి ఉంటాయి, తెచ్చి తగిలిస్తే పలకవు. సందేశంలో చెప్పని మంచి మాట ఒకటుంది: బాష్, లెమ్‌ఫోర్డర్, సాక్స్ లాంటి కంపెనీలు కార్ల ఫ్యాక్టరీలకు ఇచ్చే భాగాలనే తమ సొంత డబ్బాల్లోనూ అమ్ముతాయి. చాలాసార్లు తేడా డబ్బా మీది నక్షత్రం ముద్రే.

అమ్మితే నష్టం లేదన్నదానికి జవాబు చిన్నది. డాష్‌బోర్డులో ఎర్ర లైటు వెలుగుతున్న బండికి అడిగే నాథుడు ఉండడు.

అన్నీ ఒకే తానులో ముక్కలని అనను. 1989లో వచ్చిన లెక్సస్ ఎల్‌ఎస్ 400 లాంటివి వేళకు బెల్టు, ఆయిల్ మారిస్తే ఏళ్ళ తరబడి మారుమాటాడకుండా నడిచాయి. అక్కడా "వేళకు" అన్న మాటే ముఖ్యం. బండి చూడ్డానికి వెళ్తే ముందు బిల్లుల కట్ట అడగండి. రాత్రంతా స్టార్ట్ చేయకుండా ఉంచమనండి. ఇంజిన్ లోపలి గొలుసు గలగల, నీలం పొగ, వాలిన మూల, ఇవన్నీ చల్లని ఇంజిన్ దగ్గరే బయటపడతాయి.

ఆ సందేశం పంపిన ముగ్గురిలో మా బావమరిది కిందటి నెల ఒక బేరానికి వెళ్ళాడు. ముందురోజే ఫోన్ చేసి, నేనొచ్చేదాకా బండి ముట్టుకోకండని గట్టిగా చెప్పాడట. పొద్దున ఆరున్నరకు వెళ్ళి బానెట్ మీద చెయ్యి పెడితే చుర్రుమంది. టీ తాగి వెళ్ళమన్నా ఆగకుండా వచ్చేశాడు.