థర్మోస్టాట్ పీకేస్తే బండి చల్లబడదు మహాప్రభో

కారు వేడెక్కుతోందని చెప్పగానే, బానెట్ ఎత్తీ ఎత్తకముందే "థర్మోస్టాట్ తీసేద్దాం సార్, మన ఎండలకి అదెందుకు? చలి దేశాలోళ్ళ కోసం పెట్టింది అది" అనే మెకానిక్ మీ ఏరియాలోనూ ఒకడు ఉండే ఉంటాడు. పదకొండేళ్ళ మా పెట్రోల్ బండికి ఆ వైద్యమే జరిగింది. డబ్బులిచ్చి మరీ చేయించుకున్నాను కాబట్టి ఇందులో సగం తిట్లు నాకే.

పోయిన డిసెంబర్లో కూకట్‌పల్లి సిగ్నళ్ళ దగ్గర టెంపరేచర్ ముల్లు సగం దాటి పైకి పాకేది. బండి కదిలితే మళ్ళీ దిగేది. ఇంకోటి కూడా జరిగేది, అప్పుడు పట్టించుకోలేదు. ఆగి ఉంటే ఏసీలోంచి ఉక్క గాలి, కదిలాక చల్లగాలి. మెకానిక్ ఇవేవీ అడగలేదు, నేనూ చెప్పలేదు. థర్మోస్టాట్ పీకి, షెడ్డులోని బోరు నీళ్ళు మగ్గుతో పోసి పంపించాడు. ఆ చలికాలమంతా ముల్లు కిందే పడుకుంది. ఆహా, ఏం పనిమంతుడు అనుకున్నాను.

లీటరుకి పదిహేను ఇచ్చే బండి పన్నెండుకి పడిపోయినప్పుడైనా అనుమానం రావాలి కదా, రాలేదు. థర్మోస్టాట్ అంటే వేడికి తెరుచుకునే కుళాయి. కూలెంట్, అంటే ఇంజన్ చుట్టూ తిరుగుతూ వేడిని లాగేసే ద్రవం, 80, 90 డిగ్రీల మధ్యకి వచ్చేదాకా రేడియేటర్ వైపు పోనివ్వదు. ఇంజన్ ఆ వేడిలో పనిచేయడానికే తయారైంది. కుళాయి తీసేస్తే ఇంజన్ త్వరగా వేడెక్కదు, ఇంకా చల్లగానే ఉందనుకుని కంప్యూటర్ పెట్రోల్ ఎక్కువ పోస్తూ ఉంటుంది. కొన్ని ఇంజన్లలో ఇదే థర్మోస్టాట్ బైపాస్ దారిని కూడా మూస్తుంది. అది లేకపోతే వేడి నీళ్ళలో కొంత రేడియేటర్ మొహం చూడకుండానే వెనక్కి తిరిగొస్తుంది. చల్లబడాలని పీకితే అసలు ఎండల్లో ఇంకా కాగిపోతుందన్నమాట.

మే నెలలో శ్రీశైలం బయల్దేరాం. అమ్మ, నా భార్య, బావమరిది, నేను. మన్ననూరు దగ్గర అడవి గేటు రాత్రి తొమ్మిదికి మూసేస్తారు కాబట్టి, ఆలోపే తిరిగి దాటేయాలని తెల్లవారుజామునే లేచాం. కానీ దారిలో టిఫిన్లు, టీలు అయ్యి ఘాట్ ఎక్కేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. ఏసీ ఆన్, సెకండ్ గేర్, ముందు ఒక లోడు లారీ. రెండో మలుపులోనే ముల్లు ఎర్రగీత తాకింది, బానెట్ సందుల్లోంచి ఆవిరి.

బావమరిది కండువా చుట్టి రేడియేటర్ మూత తిప్పబోయాడు. అమ్మ అరిచిన అరుపుకి ఆగాడు, లేకపోతే మొహం ఉడికిపోయేది. మామూలుగా కూలెంట్, నీళ్ళు సగం సగం కలిపితే 108 డిగ్రీల దగ్గర మరుగుతాయి. మూత బిగించి ఉంటే లోపలి ఒత్తిడికి 125 దాటినా మరగవు. ఆ మూత తీశారో, కాగి ఉన్నది ఒక్కసారిగా మరిగి ఆవిరితో ఎగజిమ్ముతుంది. ముల్లు ఎర్రగీత తాకితే ఏసీ కట్టేసి, హీటర్ ఫుల్లుగా పెట్టి, వీలైనంత త్వరగా పక్కకి ఆపి ఇంజన్ కట్టేయాలి. ఆ తర్వాత కనీసం ముప్పావు గంట ఓపిక పట్టాలి. కాగిన ఇంజన్ మీద చన్నీళ్ళు పోయడం ఇంకో దరిద్రం, ఇంజన్ పైమూత లాంటి అల్యూమినియం హెడ్ పగిలినా పగలొచ్చు.

చల్లారాక తాగే నీళ్ళే పోసి, వచ్చిన దారినే దిగి, అచ్చంపేటలో ఒక చిన్న షెడ్డు పట్టుకున్నాం. అక్కడి పెద్దాయన బానెట్ ముట్టుకోకుండానే అడిగాడు, "ఎప్పుడు గరమైతది సార్? నిలవడ్డప్పుడా, ఉరికేటప్పుడా?"

ఆరు నెలల్లో నన్ను ఎవరూ అడగని ప్రశ్న అది. నిలబడ్డప్పుడు వేడెక్కి పరుగెత్తితే చల్లబడిందంటే గాలి అందట్లేదని అర్థం. అంటే రేడియేటర్ ఫ్యాన్, దానికి కరెంటు ఇచ్చే స్విచ్చు లాంటి రిలే, ఫ్యూజు చూడాలి. హైవే మీద స్పీడులో వేడెక్కితే కథ వేరు, రేడియేటర్ పూడుకుపోయిందో, పంపు అరిగిందో, కూలెంట్ తగ్గిందో. ఎక్కడా చుక్క కారకుండా కూలెంట్ మాయమవుతూ, సైలెన్సర్లోంచి తెల్లపొగ వస్తుంటే హెడ్‌కీ ఇంజన్‌కీ మధ్య ఉండే సీలు, అదే హెడ్ గ్యాస్కెట్ మీద అనుమానపడాలి.

ఆయన ఇంజన్ ఆన్ చేయించి, ఏసీ వేయించి, ఫ్యాన్ వైపు చూపించాడు. కదల్లేదు. బ్యాటరీ నుంచి నేరుగా రెండు వైర్లు ఇస్తే గిర్రున తిరిగింది. మోటారు బాగానే ఉందన్నమాట. హారన్ రిలే పీకి ఫ్యాన్ రిలే స్థానంలో గుచ్చాడు, రెండూ ఒకే రకం. ఫ్యాన్ తిరిగింది, ఏసీ చల్లబడింది. పావుగంట పని, రెండొందల రూపాయల రిలే. రేడియేటర్లోంచి దించిన నీళ్ళు మాత్రం చిక్కటి టీ రంగులో, అడుగున తెల్ల పొడితో వచ్చాయి. అది మన బోరు నీళ్ళ ప్రసాదం. కడిగించి, కొత్త థర్మోస్టాట్ తెప్పించి, సరైన కూలెంట్ పోయించేసరికి సాయంత్రమైంది. గ్యాస్కెట్ బతికిపోవడం మా అదృష్టం. శ్రీశైలం దర్శనం మర్నాటికి పోయింది.

కార్ల కంపెనీల మీద కూడా నాకు కోపమే. ఇప్పుడు చాలా బండ్లలో ముల్లే లేదు, చల్లగా ఉంటే నీలం లైటు, కొంప మునిగాక ఎర్ర లైటు. మధ్యలో ఏం జరుగుతోందో నడిపేవాడికి తెలియక్కర్లేదా? ఉన్న ముల్లునీ పూర్తిగా నమ్మడానికి లేదు. కూలెంట్ అంతా కారిపోతే సెన్సర్ చుట్టూ నీళ్ళే ఉండవు, ముల్లు హాయిగా కిందే ఉండిపోవచ్చు.

నిన్న ఆఫీసులో ఒకాయన, సిగ్నల్లో బండి హీట్ అవుతోంది, వాటర్ పంప్ మార్చాలంటున్నారు, ఎనిమిది వేలట అన్నాడు. ఫ్యాన్ తిరుగుతోందా అని అడిగాను. చూడలేదన్నాడు. మెకానిక్ చూశాడా అంటే, అదీ తెలీదట. సాయంత్రం పార్కింగ్‌లో ఇద్దరం కలిసి చూస్తామని చెప్పాను.