ఆ రోజు ఒక్క ట్యూబు పక్కన పెట్టుంటే

"మీకు ఏ మందు పడదమ్మా?" అని ఎవరైనా అడిగితే మా పిన్నికి ఇప్పుడు ఒళ్ళు మండుతుంది. పంటి డాక్టరు దగ్గరికెళ్ళినా అదే ప్రశ్న, కంటి డాక్టరు దగ్గరికెళ్ళినా అదే. ఆవిడ జవాబూ ఒక్కటే: "ఆ రోజు పక్కనున్న డాక్టర్లకే తెలీలేదు నాయనా, నాకెట్లా తెలుస్తుంది?"

పోయినేడాది గాల్‌బ్లాడర్‌లో రాళ్ళున్నాయని మా జిల్లాలోనే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చాం. థియేటర్‌కి తీసుకెళ్ళే ముందు వార్డులో యాంటీబయాటిక్, గ్యాస్‌కి ఒక ఇంజెక్షన్, నొప్పికి ఇంకొకటి వరసపెట్టి ఎక్కించారు. ఐదు నిమిషాలు కాలేదు, "కళ్ళు తిరుగుతున్నాయిరా" అంటూనే పక్కకి ఒరిగిపోయింది. బీపీ అందలేదు. ఒంటి మీద ఒక్క దద్దురు కూడా లేదు. ముందు ఎవిల్ అనే అలర్జీ ఇంజెక్షన్, తర్వాత స్టెరాయిడ్, ఆఖర్న అడ్రినలిన్ ఇచ్చారు. (అడ్రినలిన్ అన్నిటికన్నా ముందు తొడ కండకి ఇవ్వాలని తర్వాత తెలిసింది. ఆ కోపం ఇంకో పోస్టుకి దాచుకుంటా.) అరగంటకి తేరుకుంది. ప్రాణం నిలబెట్టారు, అందుకు ఎప్పటికీ దణ్ణం పెడతాను.

నా గొడవ ఆ తర్వాత జరిగినదాని గురించి. ఒకాయన గుండె అన్నారు. ఈసీజీ బాగుంది, ఎకో బాగుంది. ఇంకొకాయన "ఆపరేషన్ అంటే భయపడ్డారండీ, ఆడవాళ్ళు కదా" అన్నారు. ముగ్గురు పిల్లల్ని కని, పాతికేళ్ళు ఒంటిచేత్తో కిరాణా కొట్టు నడిపిన మనిషిని పట్టుకుని! డిశ్చార్జి కాగితంలో అలర్జీ అని రాసి పక్కన ప్రశ్నార్థకం పెట్టారు. ఆపరేషన్ ఆగిపోయింది. రాళ్ళు మాత్రం కడుపులోనే ఉన్నాయి.

రెండు నెలల తర్వాత హైదరాబాద్‌లో అలర్జీ డాక్టరుగారికి చూపిస్తే, ఫైలు తిరగేస్తూ ఆవిడ మొదట అడిగింది: "ఆ రోజు ట్రిప్టేజ్ చేయించారా?" ఆ మాట వినడం మాకు అదే మొదలు.

ఆవిడ చెప్పింది, తర్వాత నేను చదువుకున్నది కలిపి చెబుతున్నా. మన చర్మంలో, పేగుల్లో, ఊపిరితిత్తుల్లో మాస్ట్ కణాలని ఉంటాయి. అనాఫిలాక్సిస్ అనే తీవ్రమైన అలర్జీలో ఇవి లోపల దాచుకున్న రసాయనాలన్నీ ఒక్కసారిగా కుమ్మరిస్తాయి. అందులో హిస్టమిన్ నిమిషాల్లో పెరిగి గంటలోపే మాయమవుతుంది, దాన్ని పట్టుకోవడం కష్టం. ట్రిప్టేజ్ కూడా ఆ రసాయనాల్లోదే, కానీ అలా కాదు. వాన వెలిశాక కూడా చూరు నీళ్ళు కారుతున్నట్టు కాసేపు రక్తంలో ఉంటుంది. గంట, గంటన్నరకి బాగా పెరిగి, ఆ పైన సుమారు రెండు గంటలకోసారి సగానికి తగ్గుతుంది. అందుకే బ్రిటన్‌లో 2011లో నైస్ అనే వైద్య సలహా సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల్లో స్పష్టంగా రాశారు: చికిత్స మొదలవగానే వీలైనంత త్వరగా ఒక శాంపిల్, గంట రెండు గంటల్లో ఇంకొకటి, నాలుగు గంటలు మాత్రం దాటనివ్వద్దని.

ఇంకో శాంపిల్ కూడా కావాలి. అంతా సద్దుమణిగి కనీసం ఒక రోజు గడిచాక తీసేది, అంటే ఆ మనిషికి మామూలుగా ఉండే ట్రిప్టేజ్ ఎంతో చూసేది. అసలు కిటుకు ఇక్కడుంది. ల్యాబులు సాధారణంగా మిల్లీలీటరు రక్తంలో 11.4 నానోగ్రాముల లోపుంటే నార్మల్ అని ప్రింట్ చేస్తాయి. కానీ మనిషి మనిషికీ మామూలు స్థాయి వేరు. కాబట్టి డాక్టర్లు వాడే లెక్క వేరే ఉంది: మామూలు స్థాయిని 1.2తో గుణించి, దానికి 2 కలపాలి. పిన్నికి ఇప్పుడు తీయిస్తే 5 వచ్చింది. 5కి 1.2 చొప్పున 6, దానికి 2 కలిపితే 8. ఆ రోజు 9 వచ్చుంటే ల్యాబ్ కాగితం "నార్మల్" అనేది, ఈ లెక్క మాత్రం "మాస్ట్ కణాలు రసాయనాలు కుమ్మరించాయి" అనేది.

సగం లెక్క మా చేతిలో ఉంది. మిగతా సగం ఏమైందంటారా? ఆ రోజు గుండె పరీక్షకని గంట తర్వాత రక్తం తీశారు. తీయకపోతే పోనీలే అనుకునేవాణ్ణి. తీశారు! అందులో మిగిలిన సీరం (రక్తం గడ్డకట్టాక పైన తేలే నీరు) ఫ్రిజ్‌లో పెట్టుంటే సరిపోయేది. పారబోశారు. "ఆ మెషిన్ మా దగ్గర లేదండీ" అన్నారు ల్యాబ్ వాళ్ళు. సీరం వేరు చేసి చల్లగా ఉంచితే రెండు మూడు రోజులు చెడదు కదా బాబూ, పెద్ద ల్యాబులకి రోజూ ఎన్ని శాంపిళ్ళు పంపట్లేదు మీరు?

ఇదేదో మహిమ గల పరీక్ష అని అనడం లేదు. ఏ మందు వల్ల జరిగిందో ఇది చెప్పదు. తిండి వల్ల వచ్చే రియాక్షన్లలో, ముఖ్యంగా పిల్లల్లో, చాలాసార్లు పెరగనే పెరగదు. పెరగనంత మాత్రాన అలర్జీ కాదని కొట్టేయడానికి లేదు. రిజల్టు కోసం చికిత్స ఆపే ప్రశ్నే లేదు. కానీ పిన్నికి యాంటీబయాటిక్‌తో చర్మ పరీక్ష చేస్తే ఏమీ రాలేదు. ఆ రోజు ట్రిప్టేజ్ పెరిగిందని తెలిసుంటే, నొప్పి ఇంజెక్షన్, గ్యాస్ ఇంజెక్షన్, చర్మం తుడిచిన క్లోర్‌హెక్సిడిన్ ఒక్కొక్కటీ వదలకుండా వెతికేవాళ్ళు. ఇప్పుడు దేన్ని అనుమానించాలో, అసలు అనుమానించాలో వద్దో కూడా తెలీదు.

ఇటు చూస్తే నా ఫోన్‌కి వారానికో మెసేజ్: రెండొందల పదార్థాల అలర్జీ ప్యానెల్, ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్తాం, సగం ధరే! ఆ ప్యానెల్‌లో చూసే ఐజీఈ అనే అలర్జీ యాంటీబాడీ ఎక్కువుందంటే శరీరం ఆ పదార్థాన్ని గుర్తుపట్టిందని అర్థం, తింటే పడిపోతావని కాదు. కొందరైతే తిండికి ఐజీజీ అనే ఇంకో రకం యాంటీబాడీ పరీక్ష చేసి వంకాయ మానెయ్, పాలు మానెయ్ అంటున్నారు. దానితో అలర్జీని నిర్ధారించకూడదని యూరప్, అమెరికా అలర్జీ డాక్టర్ల సంఘాలు ఎప్పుడో చెప్పేశాయి. అక్కర్లేనప్పుడు గుమ్మంలోకొచ్చి మరీ రక్తం తీస్తారు. కావలసినప్పుడు తీసిన రక్తాన్ని సింకులో పోస్తారు.

వచ్చే నెల పిన్నికి మళ్ళీ ఆపరేషన్, ఈసారి వేరే ఊళ్ళో. మొన్న మత్తు డాక్టరుగారికి ఒక కాగితం ఇచ్చాను: ఆ రోజు ఇచ్చిన మందుల పేర్లు, ఏది ఎన్ని గంటలకి, పిన్ని మామూలు ట్రిప్టేజ్ 5, ఏదైనా జరిగితే ఎప్పుడెప్పుడు శాంపిల్ తీయాలో. ఆయన రెండుసార్లు చదివి, "మీరు డాక్టరా?" అన్నారు.

"కాదండీ, ఎరువుల షాపులో లెక్కలు రాస్తాను" అన్నాను.

కాగితం మడిచి కేస్‌షీట్‌లో పెట్టుకున్నారు.